ఇల్లు కూలివాడిది – మిత్తి షావుకారిది

1951 ఏప్రిల్ 18న పోచంపల్లి దళితవాడలోని 40 కుటుంబాలు వినోబా భావే ముందు నిలబడి, దున్నుకు బతకడానికి 80 ఎకరాలు కావాలని అడిగాయి. ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఆ ఊరి పేరు ముందు భూదాన్ అనే మాట చేరి దేశమంతా మోగింది. అంతకు ముందు అయిదేళ్లుగా ఇదే నల్లగొండ గడ్డ మీద రైతు కూలీలు సాయుధులై భూమి కోసం పోరాడకపోతే ఆ దానం జరిగేదా అన్నది చరిత్ర తెలిసిన వారికి చెప్పనక్కర లేదు. అయితే ఈ రోజు మేము రాయబోయేది సాగు భూమి గురించి కాదు. ఆ భూమి మీద చెమటోడ్చిన మనిషి రాత్రికి తల దాచుకునే నాలుగు గోడల గురించి, ఆ గోడల ఖర్చు గురించి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్లి అప్పు ఎలాంటిదో కూలి జనానికి తెలుసు. ఇంటి అప్పు అంతకంటే లోతైనది. ఎందుకంటే ఇది సర్కారు సాయం రూపంలో గడప తొక్కుతుంది. మంజూరు పత్రం చేతికొచ్చిన నాడు వాడంతా పండుగ. పునాది తవ్విన నాడు మొదటి అప్పు. స్లాబు పోసిన నాడు రెండో అప్పు. గృహప్రవేశం నాటికి ఇంటి మీద ఎంత సున్నం పడిందో తెలియదు గాని, ఇంటి వాళ్ల మీద షావుకారి కన్ను మాత్రం పడి ఉంటుంది. ఇలా ఎందుకు జరుగుతున్నది? కూలివాడికి లెక్క రాకనా? కాదు. లెక్క అతని చేతిలో లేకుండా చేసిన పద్ధతి వల్ల.

ముందుగా సర్కారు లెక్క చూద్దాం. 2024 మార్చి 11న భద్రాచలంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని ప్రారంభించారు. నియోజకవర్గానికి 3,500 చొప్పున 4 లక్షల 50 వేల ఇళ్లు, ఇంటికి 5 లక్షల రూపాయలు, మొత్తం 22,500 కోట్లు అని ప్రకటించారు. 2025 జనవరి 26న మండలానికి ఒక గ్రామం చొప్పున మంజూరు పత్రాల పంపిణీ మొదలుపెట్టారు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. వంటగది, మరుగుదొడ్డి ఉండాలి. పైన సిమెంటు స్లాబు పడాలి. ఇల్లు ఆడమనిషి పేరు మీద ఉండాలి. ఇందులో మేము తప్పు పట్టేది లేదు. చాలా మంచి మాటలు.

ఇప్పుడు భాగహారం చేద్దాం. 5 లక్షలను 400తో భాగిస్తే చదరపు అడుగుకు 1,250 రూపాయలు. 600తో భాగిస్తే 833 రూపాయలు. ఈ ధరకు ఏ ఊళ్లో ఏ సుతారి స్లాబు ఇల్లు కట్టి తాళం చేతికిస్తాడో అధికారులే చెప్పాలి. పాత లెక్క ఒకటి గుర్తు చేస్తాం. 2015లో అప్పటి ప్రభుత్వం రెండు పడక గదుల ఇళ్ల పథకం పెట్టినప్పుడు, గ్రామాల్లో 560 చదరపు అడుగుల ఇంటికి 5 లక్షల 4 వేల రూపాయలు లెక్కగట్టింది. రోడ్డు, నీళ్లు, కరెంటు వంటి సౌకర్యాలకు మరో లక్షా 25 వేలు వేరుగా పెట్టింది. ఆ ధర గిట్టదని చాలా చోట్ల కాంట్రాక్టర్లు టెండర్లకే రాలేదు. కోట్ల వ్యాపారం చేసే కాంట్రాక్టరుకు 2015లో గిట్టని ధర, రెక్క ఆడితే గాని డొక్క ఆడని కూలి కుటుంబానికి ఇన్నేళ్ల తర్వాత ఎలా గిడుతుంది?

కేంద్రం లెక్క ఇంకా విచిత్రం. 2016లో గ్రామీణ ఆవాస్ యోజన పెట్టినప్పుడు మైదాన ప్రాంతంలో ఇంటికి లక్షా 20 వేలు అన్నారు. 2024లో పథకాన్ని మరో అయిదేళ్లు పొడిగించినప్పుడూ అదే లక్షా 20 వేలు. ఎనిమిదేళ్లలో సిమెంటు, సలాకలు, ఇటుక, కిరాయి ఏ ఒక్కటీ ఉన్నచోట ఉండలేదు. ఢిల్లీ సాయం మాత్రం పాతిన రాయిలా కదలలేదు.

సరే, 5 లక్షలు చాలవు. ఎంత చాలవు? ఇక్కడే ప్రతి కుటుంబమూ పునాది తవ్వకముందు కాగితం మీద కూర్చోవాలి. మీ ఊళ్లో సుతారి సామానుతో సహా అడుగుకు 1,800 చెప్పాడనుకుందాం. 400 అడుగుల ఇంటికి 7 లక్షల 20 వేలు. సర్కారు సొమ్ము పోగా మీ మీద పడేది 2 లక్షల 20 వేలు. 'ఎట్లాగూ కడుతున్నం గదా, ఇంకో అర్ర వేసుకుందాం' అని 600కు పోతే 10 లక్షల 80 వేలు. మీ మీద పడేది 5 లక్షల 80 వేలు. ఇల్లు సగం పెరిగింది, అప్పు రెండున్నర రెట్లు దాటింది. ఎందుకు? సాయం పెరగదు, అడుగులు మాత్రమే పెరుగుతాయి. పెరిగిన ప్రతి అడుగూ పూర్తిగా మీ అప్పే. ఈ ఒక్క ముక్క ప్రతి కార్యకర్తా ప్రతి వాడలో నేల మీద సుద్దతో రాసి చూపించాలని మా మనవి.

రెండో సంగతి, అసలైన సంగతి. సొమ్ము ఎంత అన్నది కాదు, ఎప్పుడు అన్నది. సాయం నాలుగు విడతలుగా వస్తుంది. మొదటి లక్ష పునాది లేచి బేస్మెంటు పూర్తయ్యాక. తర్వాతి రెండు విడతలు గోడలకు, స్లాబుకు. చివరి లక్ష ఇల్లు పూర్తయ్యాక. ఫోటో దిగాలి, ఇంజనీరు చూడాలి, బిల్లు ఎక్కాలి, బ్యాంకులో పడాలి. అంటే ప్రతి మెట్టులోనూ ముందు పెట్టుబడి ఎవరిది? కూలివాడిది. అతని దగ్గర లేదు కాబట్టే గదా సాయం అడిగింది! అప్పుడు పిలవకుండానే వస్తాడు మిత్తి వ్యాపారి. 'ముందు నేను పెడత, బిల్లు రాంగనె ఇయ్యి' అంటాడు. నూటికి నెలకు మూడు రూపాయలు. లక్షకు నెలకు 3 వేలు. బిల్లు మూడు నెలలు ఆలస్యమైతే 9 వేలు, అదీ పునాది దగ్గరే. ఇల్లు పూర్తయ్యే నాటికి 2 లక్షల అప్పు మిగిలిందనుకుంటే నెలకు 6 వేల మిత్తి, ఏడాదికి 72 వేలు. అసలు అలాగే ఉంటుంది. కిరాయి ఇల్లు తప్పిందని సంతోషించాం. కాని సొంత ఇంట్లో ఉంటూ షావుకారికి నెలకు 6 వేలు కిరాయి కడుతున్నాం. ఖజానా సొమ్ము కూలివాడి ఇంటి మీదుగా షావుకారి ఇనప్పెట్టెలోకి పోయే కాలువ ఇది.

మూడో సంగతి, ఏ కాగితంలోనూ కనబడని ఖర్చులు. పునాది, గోడలు, స్లాబు, గిలాబు, దర్వాజలు, బండలు, మరుగుదొడ్డి, కరెంటు – ఇవి సుతారి చెబుతాడు. చెప్పనివి వేరే ఉన్నాయి. పాత గుడిసె కూల్చితే కట్టేదాకా ఎక్కడ ఉండాలి? దాని కిరాయి ఎంత? ఇసుక ఉచితమని ప్రభుత్వం ప్రకటించింది. వాగు నుంచి ఇంటికి తెచ్చే ట్రాక్టరు ఉచితం కాదు. గోడకు, స్లాబుకు వారాల తరబడి నీళ్లు కొట్టాలి. బోరు లేని వాడలో ఆ నీళ్లు ట్యాంకరు నీళ్లే. సామాను దగ్గర ఒక మనిషి కాపలా ఉంటే ఆ మనిషికి ఆ రోజుల కూలి పోయింది. భార్యాభర్తలిద్దరూ కూలికి పోయే ఇంట్లో ఒకరు రెండు నెలలు ఆగిపోతే ఎంత నష్టమో లెక్క కట్టండి. అదీ ఇంటి ఖర్చే. వీటన్నింటికీ మొత్తం అంచనాలో పదో వంతు అయినా ముందే పక్కన పెట్టాలి. అది లేనివాడు గోడలు లేపి స్లాబు దగ్గర ఆగిపోతాడు. కప్పు లేని గోడలకు తుమ్మ చెట్లు మొలిచిన ఇళ్లు మన ఊళ్లలో ఏ పథకం నాటివి లేవు?

పోచంపల్లి దగ్గర మరో లెక్క ఉంది. అది చదరపు అడుగుల లెక్క కాదు, మగ్గం లెక్క. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి చీర పుట్టేది ఫ్యాక్టరీలో కాదు, ఇంట్లో. గుంట మగ్గానికి ఒక అర్ర కావాలి. ఆసు పోయడానికి చోటు కావాలి. నూలు చట్రానికి బిగించి, చిటికి కట్టి, రంగు అద్దడానికి చోటు కావాలి, రంగు ఆరడానికి నీడ కావాలి. ఆసు పోసే ఆడమనిషి ఒక్క చీరకే వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. ఆ బాధ చూడలేకే ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మరి ఆ యంత్రం పెట్టుకునే చోటు 400 అడుగుల పటంలో ఎక్కడుంది? ఒక హాలు, ఒక పడకగది, వంటగది, మరుగుదొడ్డి గీసిన ఇంజనీరుకు మగ్గం కనపడలేదు. మగ్గం షెడ్డుకు సాయం అనే పద్దు కేంద్ర చేనేత పథకాల్లో ఎన్నో ఏళ్లుగా ఉంది. అది ఒక శాఖ, ఇల్లు మరో శాఖ. రెండు శాఖల మధ్య మగ్గం వాకిట్లో వానకు తడుస్తుంది.

కూలి రైతు ఇల్లూ అంతే. అతనికి రెండు మేకలుంటాయి, ఒక బర్రె ఉంటుంది, నాలుగు బస్తాల వడ్లు పెట్టుకోవాలి, పొయ్యిలో కట్టెలు ఎండాలి. ఉన్నవాళ్లు తమకు నచ్చినట్టు ఇల్లు గీయించుకుంటే దాన్ని అభిరుచి అంటారు. పేదవాడు తన పనికి తగినట్టు ఇల్లు కావాలంటే అది నిబంధనకు విరుద్ధమంటారు. ఎవరి బతుకుకు తగిన ఇల్లు వారికి కావాలన్నది విలాసం కాదు, అది పని హక్కులో భాగం.

ఇక ఇంటి జాగ మాట. పోచంపల్లి హైదరాబాదుకు దగ్గర కావడమే పేదలకు శాపమైంది. మూసీ నీళ్లతో వరి పండిన చెలకలు, మడులు హద్దు రాళ్లు నాటిన ప్లాట్లవుతున్నాయి. ఎకరం మాట పోయి గజం మాట వచ్చింది. 2016లో జిల్లా నల్లగొండ నుంచి యాదాద్రి భువనగిరికి మారింది, 2018లో ఊరు మున్సిపాలిటీ అయింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామాల కోసం చేసింది గనుక, వార్డుల్లోకి వచ్చిన కూలీలకు ఆ పనీ పోయింది. పన్నులు పట్టణానివి, కూలి మాత్రం పల్లెది. జాగ ఉన్నవాడికే ఇల్లు అన్నప్పుడు, జాగ లేనివాడు వరుసలో నిలబడే అర్హతే కోల్పోయాడు. ఇల్లు లేని వారికి జాగ, 5 లక్షలు ఇస్తామన్నది 2023 ఎన్నికల్లో కాంగ్రెసు ఇచ్చిన మాట. దళిత, గిరిజన కుటుంబాలకు 6 లక్షలన్నది అదే ఏడాది ఆగస్టులో చేవెళ్ల సభలో చెప్పిన మాట. మాటలు మేము అల్లినవి కావు. ఓట్లు అడిగిన నోళ్లు చెప్పినవి.

మరి అందాకా కూలి కుటుంబాలు చేతులు ముడుచుకు కూర్చోవాలా? అక్కర లేదు. మా పరిధిలో నాలుగు మాటలు చెబుతాం.

మొదటిది, 400 దాటవద్దు. పక్క గదికి, మగ్గం అర్రకు గోడ ఎటు వస్తుందో ముందే ముగ్గు పోసి పెట్టుకోండి. చేతిలో పైసలు ఆడిన ఏడాది రేకులతోనో పెంకులతోనో దాన్ని కలుపుకోవచ్చు. అప్పుతో కట్టిన గది కంటే ఆలస్యంగా కట్టిన గది మేలు. రెండోది, మీద అంతస్తు వేసే స్తోమత కనుచూపు మేరలో లేనప్పుడు దాని కోసమని ఇప్పుడే పిల్లర్లు వేసి సలాకల మీద సొమ్ము పొయ్యవద్దు. ఇంజనీరును అడగండి, బరువు మోసే గోడల మీద స్లాబు వేయొచ్చా అని. మన నేలలో రాయికి కొదవ లేదు, పునాదికి ఊరి రాయి వాడండి. కేరళలో లారీ బేకర్ అనే వాస్తుశిల్పి ఇటుకలను నిలువుగా పేర్చి నడుమ ఖాళీ వదిలే గోడ పద్ధతిని ప్రచారం చేశాడు. దాంతో ఇటుక సుమారు నాలుగో వంతు మిగులుతుంది, ఎండ వేడి కూడా తక్కువ దిగుతుంది. నేర్చుకున్న సుతారి దొరికితేనే ఆ పని పెట్టుకోవాలి. మూడోది, వాస్తు. ఈశాన్యం పెరిగిందని లేచిన గోడ కూల్చిన కుటుంబాలున్నాయి. వాస్తు సిద్ధాంతికి పోయేది మాట, మీకు పోయేది ఇటుక, సిమెంటు, రెండు రోజుల కూలి. మార్పులు కాగితం మీదే చేసుకోండి, గోడ మీద కాదు. నాలుగోది, గుత్త. సుతారికి ఇచ్చే గుత్త నోటి మాటగా ఉండొద్దు. పని ఎక్కడిదాకా అయితే ఎంత ఇవ్వాలో, గిలాబు, బండలు, సెంట్రింగు ఎవరి మీద ఉన్నాయో ఇద్దరు పెద్దల ముందు రాయించండి. బయానా తక్కువ ఇవ్వండి. సుతారి కూడా కష్టజీవే, అతని కూలి ఎగ్గొట్టమని మేము చెప్పడం లేదు. రాత ఉంటే ఇద్దరికీ రక్షణ.

సిమెంటు మాట కూడా వినండి. 2017 జూలై నుంచి సిమెంటు మీద 28 శాతం పన్ను వేశారు. విలాస వస్తువులకు వేసే పన్ను అది. గుడిసె తీసి గోడ కట్టుకునే కూలివాడు ఎనిమిదేళ్ల పాటు ఆ పన్ను కట్టాడు. 2025 సెప్టెంబర్ 22 నుంచి దాన్ని 18 శాతం చేశారు. పన్ను లేని ధర బస్తాకు 250 అనుకుంటే, 320 పడవలసింది 295 పడాలి. బస్తాకు 25 రూపాయలు. మేస్త్రీల లెక్కన అడుగుకు 0.4 బస్తా చొప్పున 400 అడుగుల ఇంటికి 160 బస్తాలు పడితే 4 వేల రూపాయలు. ఈ 4 వేలు మీ చేతిలో మిగిలాయా, నడుమ ఎవరి చేతిలోనైనా ఆగాయా? బిల్లు లేకుండా కొంటే ఈ ప్రశ్న అడిగే హక్కే ఉండదు. ఒక్కొక్కరు పోయి పది బస్తాలు అప్పు మీద తెచ్చుకుంటే డీలరు చెప్పిందే ధర. వాడలో ఇరవై ఇళ్లు కలిసి 3,200 బస్తాలకు ఒకేసారి బేరమాడితే డీలరే ఇంటికి వస్తాడు.

కలిసి కడితే ఏమవుతుందో చూడాలంటే సోలాపూరు చూడాలి. మగ్గాన్ని నమ్ముకుని తెలంగాణ పల్లెల నుంచి మహారాష్ట్రకు వలసపోయిన మన పద్మశాలీలు, బీడీలు చుట్టే మన ఆడపడుచులు అక్కడ వేలల్లో ఉన్నారు. కమ్యూనిస్టు నాయకుడు, మాజీ శాసనసభ్యుడు నర్సయ్య ఆడం నాయకత్వాన వాళ్లు సంఘం కట్టారు. కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ పేరున బీడీ కార్మిక స్త్రీలకు 10 వేల ఇళ్లు 2006 నాటికి చేతికందాయి. తర్వాత రేనగర్ పేరుతో 30 వేల ఇళ్లు తలపెట్టారు. కేంద్రం నుంచి లక్షన్నర, రాష్ట్రం నుంచి లక్ష, మిగిలింది కార్మికుల వాటా. 2024 జనవరి 19న మొదటి 15 వేల ఇళ్ల తాళాలు ఇచ్చినప్పుడు వేదిక మీద ప్రధానమంత్రి ఉన్నారు. అయితే ఆ ఇళ్లు వేదిక మీది వారి దయ వల్ల రాలేదు. ఏళ్ల తరబడి ఊరేగింపులు, ధర్నాలు, జైళ్లు, లాఠీలు చూసిన బీడీ కార్మికురాలి పట్టుదల వల్ల వచ్చాయి. విడివిడిగా ఉంటే లబ్ధిదారు, కలిస్తే హక్కుదారు. ఇదే సోలాపూరు పాఠం.

కనుక రైతు కూలీ సంఘాలు, చేనేత సంఘాలు ఒక్క గొంతుతో అడగవలసినవి స్పష్టంగా ఉన్నాయి. మొదటి విడత సొమ్ము పునాది తవ్వకముందే బయానాగా ఇవ్వాలి. ఇది ఒక్కటి జరిగితే షావుకారి కాలువకు మొదటి అడ్డుకట్ట పడినట్టే. ఇంజనీరు చూసిన నాటి నుంచి 15 రోజుల్లో బిల్లు పడాలి. దాటితే ఆ మిత్తి ప్రభుత్వమే భరించాలి. సాయం మొత్తాన్ని ఏటా సిమెంటు, ఇనుము, కూలి ధరలతో సరిచూసి పెంచాలి. దళిత, గిరిజన కుటుంబాలకు చెప్పిన 6 లక్షలు ఇవ్వాలి. జాగ లేని వారికి ఊరి దాపునే జాగ ఇవ్వాలి. చేతులు మారిన భూదాన భూములను తేల్చి, ముందు వాటి మీద పేదల ఇళ్లు లేపాలి. నేత కుటుంబాలకు మగ్గం అర్రను 600 అడుగుల లెక్కలో కలపకుండా, చేనేత శాఖ సొమ్ముతో అదే గోడను ఆనుకుని కట్టించాలి. ఎవరికి ఏ విడత ఏ తేదీన పడిందో పంచాయితీ గోడ మీద, వార్డు ఆఫీసు గోడ మీద రాయించాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. దానంగా కాక హక్కుగా అడుగుతున్నవి. పోచంపల్లిలో 1951లో అడిగిన వాళ్లు చేతులు జోడించి అడిగారు. వాళ్ల మనుమలు కాగితం, పెన్సిలు పట్టుకుని, అణా పైసలతో లెక్క గట్టి అడగాలి. ఇంటి పునాది తవ్వకముందు ఆ లెక్క పునాది పడాలి. ఈ వారమే ప్రతి వాడలో ఒక సాయంత్రం కూర్చోండి. మంజూరు అయిన ప్రతి ఇంటి ఖర్చు, రాబడి, అప్పు, మిత్తి ఒక పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం చేత పట్టుకుని ఎమ్మార్వో ఆఫీసు ముందు నిలబడితే, ఎవరి లెక్క తప్పో అక్కడే తేలుతుంది.